డయాబెటిస్ డిస్ట్రెస్ (బాలలు, యువత)

టైప్ 1 మధుమేహాన్ని రోజూ సంబాళించుకోవడం వల్లనే పుట్టే విసుగు, భయం, అపరాధభావాలను కలిపి డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. ఇది కుంగుబాటును పోలి ఉంటుంది గాని, ఆ లక్షణాలు లేనివారిలోనూ కనబడుతుంది. బోస్టన్‌లోని జోస్లిన్ మధుమేహ కేంద్రం నుంచి మనస్తత్వవేత్త విలియం పొలాన్‌స్కీ బృందం 1995లో వెలువరించిన 20 ప్రశ్నల పట్టికతో ఈ భావన స్థిరపడిందని సాధారణంగా చెబుతారు. ఆ పట్టిక పెద్దల కోసం రూపొందింది. కౌమారులకు సరిపడే రూపాలు తర్వాత వచ్చాయి.

అనుభవం మాత్రం ఇన్సులిన్ అంత పాతది. 1922 జనవరిలో టొరంటోలో తొలి సూది వేయించుకున్న లెనార్డ్ థాంప్సన్ వయసు 14 అని చాలా పుస్తకాల్లో ఉంది. 1908 జులైలో పుట్టాడన్న లెక్క ప్రకారం 13 అనడమే సబబు. 1922 ఆగస్టులో, ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ దగ్గర చికిత్స మొదలుపెట్టిన ఎలిజబెత్ హ్యూస్ గురించి తెలిసింది ఎక్కువ. ఆమె అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కూతురు. 1918–19 ప్రాంతంలో జబ్బు బయటపడ్డాక, వైద్యుడు ఫ్రెడరిక్ ఆలెన్ పెట్టిన అర్ధాకలి పథ్యంతో సుమారు 20 కిలోలకు చిక్కిపోయింది. తల్లికి ఆమె రాసిన ఉత్తరాల నిండా ఉల్లాసమే. అయితే అవి బెంగపడుతున్న అమ్మకు రాసినవి. ఆ ఉల్లాసాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేం. పెద్దయ్యాక ఆమె జబ్బు సంగతి ఇంటివాళ్లకూ అతికొద్దిమందికీ తప్ప చెప్పలేదు. 1980లో చరిత్రకారుడు మైఖేల్ బ్లిస్ ఆచూకీ తీసేనాటికి దాదాపు 58 ఏళ్లుగా ఇన్సులిన్ మీదే ఉంది; మరుసటి ఏడాది మరణించింది.

ఈ డిస్ట్రెస్‌కు కారణాలపై ఏకాభిప్రాయం లేదు. ఫిలడెల్ఫియాలో కుటుంబ చికిత్సకుడు సాల్వడార్ మినూచిన్ బృందం 1970లలో కుటుంబ కలహాలే పిల్లల షుగరును అదుపు తప్పిస్తాయని వాదించింది. పరిశోధకులు కొయిన్, ఆండర్సన్ 1988లో దీన్ని ప్రశ్నించారు: ఇంటి ఉద్రిక్తత జబ్బు భారానికి ఫలితమూ కావచ్చు. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టని ఈ రెండో వివరణకే తర్వాతి కాలంలో ఆదరణ పెరిగినట్టుంది.

1993లో వెలువడిన డీసీసీటీ అనే మధుమేహ పరిశోధన కట్టుదిట్టమైన నియంత్రణతో కళ్లు, మూత్రపిండాలు, నరాల నష్టం బాగా తగ్గుతుందని చూపింది. తీవ్రమైన లో షుగర్ ఘటనలు మాత్రం సుమారు మూడు రెట్లయ్యాయి. కట్టుదిట్టమైన నియంత్రణే లక్ష్యం కావడంతో షుగరు మీటరులో కనబడే అంకె మార్కుల షీటయింది, "ఎంతొచ్చింది?" అన్న ప్రశ్నకు దొంగ అంకె చెప్పడం కౌమారంలో అరుదేమీ కాదు. బరువు తగ్గాలని ఇన్సులిన్ మానేయడం ఇంతకంటే ప్రమాదకరం. అది అమ్మాయిల్లో ఎక్కువగా నమోదైంది.

తెలుగునాట దాపరికానికి మరో కారణం పెళ్లి సంబంధాలు. ఆడపిల్లకు షుగరని తెలిస్తే సంబంధాలు రావన్న భయంతో బడిలో కూడా చెప్పనివ్వని ఇళ్లున్నాయి. చెప్పకపోతే లో షుగర్ వచ్చినప్పుడు పక్కనున్నవారికి ఏం చేయాలో తెలియదు. చెబితే వెసులుబాటూ దొరుకుతుంది: సీబీఎస్ఈ బోర్డు 2017లో టైప్ 1 విద్యార్థులు పరీక్ష గదిలోకి చక్కెర బిళ్లలు, పండ్లు, చిరుతిండి తీసుకెళ్లేందుకు అనుమతిచ్చింది. దానికి వైద్యుడి ధ్రువపత్రం చూపాలి.