పీటీఏ మరియు పీటీఓ

అమెరికా సంయుక్త రాష్ట్రాల పాఠశాలలలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి నడుపుకొనే స్వచ్ఛంద సంఘాలు ప్రధానంగా రెండు రకాలు. జాతీయ సంస్థకు అనుబంధంగా పనిచేయు సంఘాన్ని పేరెంట్ టీచర్ అసోసియేషన్ (పీటీఏ) అంటారు. ఏ పై సంస్థతోనూ సంబంధం లేకుండా ఒక్క పాఠశాలకే పరిమితమైన స్వతంత్ర సంఘాన్ని సాధారణంగా పేరెంట్ టీచర్ ఆర్గనైజేషన్ (పీటీఓ) అంటారు. వ్యవహారంలో అన్నింటినీ పీటీఏ అనే పిలవడం కద్దు. కానీ ఆ పేరు జాతీయ పీటీఏ యొక్క నమోదిత చిహ్నము. అనుబంధము లేని సంఘాలకు దానిని వాడుకొనే హక్కు లేదు.

== చరిత్ర ==
1897 ఫిబ్రవరి 17న వాషింగ్టన్ నగరంలో ఆలిస్ మెక్‌లెలన్ బర్నీ, ఫీబీ అపర్సన్ హర్‌స్ట్ కలిసి తల్లుల జాతీయ మహాసభను స్థాపించారు. నేటి జాతీయ పీటీఏకు ఇదే మూలము. బాలకార్మిక చట్టాలు, బాల నేరస్థులకు ప్రత్యేక న్యాయస్థానాలు, బడిలో మధ్యాహ్న భోజనము మొదలైన వాటికోసం ఈ సంస్థ కృషి చేసినది.

తెల్లవారికి, నల్లవారికి వేరువేరు పాఠశాలలు ఉన్న రాష్ట్రాలలో నల్లజాతి తల్లిదండ్రుల కొరకు సెలీనా స్లోన్ బట్లర్ 1926లో మరొక జాతీయ సంస్థను నెలకొల్పినది. ఈ రెండు సంస్థలు 1970లో విలీనమైనవి.

1960ల ఆరంభంలో పీటీఏ సభ్యుల సంఖ్య 1.2 కోట్ల వరకు చేరినది. తరువాతి దశాబ్దాలలో అది సగానికి పైగా తగ్గినది. పలు పాఠశాలల సంఘాలు అనుబంధాన్ని వదలుకొని స్వతంత్ర పీటీఓలుగా మారడం ఇందుకు ఒక కారణము.

== నిర్మాణము ==
పీటీఏలో స్థానిక, రాష్ట్ర, జాతీయ అను మూడు ముఖ్య స్థాయిలు కలవు. పాఠశాల సంఘంలో చేరిన వ్యక్తి మూడు స్థాయిలలోనూ సభ్యుడవుతాడు. స్థానిక సంఘపు నియమావళి రాష్ట్ర శాఖ నిర్దేశించిన చట్రానికి లోబడి ఉండాలి.

పీటీఓకు ఇటువంటి చట్రము లేదు. సభ్యత్వము ఎవరికివ్వాలి, రుసుము ఎంత, ఎన్నికలు ఎప్పుడు అన్నవి సభ్యులే నిర్ణయించుకుంటారు. రుసుమే లేకుండా, బడిలో పిల్లలున్న ప్రతి కుటుంబాన్నీ సభ్యులుగా పరిగణించే పీటీఓలు కూడా ఉన్నాయి.

== రుసుము, నిధులు ==
పీటీఏ సభ్యత్వ రుసుములో కొంత భాగము రాష్ట్ర, జాతీయ శాఖలకు వెళ్తుంది. ఈ మొత్తము రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు 300 మంది సభ్యులు తలా 10 డాలర్లు చెల్లించి, అందులో 4 డాలర్లు పై శాఖలకు చెందితే, వసూలైన 3,000 డాలర్లలో 1,200 పైకి వెళ్ళి 1,800 బడికి మిగులుతాయి. అయితే సంతలు, అమ్మకాలు, విరాళాల ద్వారా స్థానిక సంఘము సేకరించిన సొమ్ములో పై శాఖలకు వాటా ఉండదు. ఆ సొమ్ము కూడా పోతుందనుకోవడము తరచుగా కనిపించే అపోహ.

పీటీఓ రుసుము మొత్తము బడిలోనే ఉంటుంది. కానీ బీమా, పన్ను మినహాయింపు దరఖాస్తు, నియమావళి రచన వంటి ఖర్చులు, శ్రమ సంఘమే భరించాలి.

== చట్టపరమైన బాధ్యతలు ==
విరాళమిచ్చిన వారికి పన్ను రాయితీ లభించాలంటే సంఘానికి సమాఖ్య పన్ను చట్టంలోని 501(సి)(3) విభాగము క్రింద గుర్తింపు అవసరము. పలు రాష్ట్రాలలో స్థానిక పీటీఏలకు ఇది రాష్ట్ర శాఖ ద్వారా సులభంగా లభిస్తుంది. పీటీఓ సాధారణంగా స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. ఏటా 50,000 డాలర్లకు మించని రాబడి గల చిన్న సంఘాలకు 2014 నుండి సంక్షిప్త దరఖాస్తు అందుబాటులో ఉన్నది.

గుర్తింపు పొందిన తరువాత రెండు రకాల సంఘాలూ ఏటా పన్ను శాఖకు నివేదిక సమర్పించాలి. వరుసగా మూడు సంవత్సరాలు సమర్పించకపోతే గుర్తింపు దానంతటదే రద్దవుతుంది. కార్యవర్గము ఏటేటా మారే సంఘాలలో ఈ పొరపాటుకు అవకాశము ఎక్కువ.

డబ్బు లెక్కలు మరొక ముఖ్యాంశము. వార్షిక తనిఖీ వంటి జాగ్రత్తలు పీటీఏ నియమాలలో ముందే ఉంటాయి. పీటీఓ సభ్యులు వాటిని తామే వ్రాసుకొని, తామే అమలు చేసుకోవాలి. వ్రాసుకోని చోట ఖాతా అంతా ఒక్కరి చేతిలో మిగిలిపోయే ప్రమాదము కలదు.

== విధాన విషయాలు ==
జాతీయ పీటీఏ విద్యా విధానాలపై చట్టసభల ముందు తన వాదన వినిపిస్తుంది. ప్రభుత్వ నిధులను ప్రైవేటు పాఠశాలలకు మళ్ళించే వోచర్ల పద్ధతిని అది వ్యతిరేకిస్తుంది. ఇటువంటి వైఖరులతో ఏకీభవించే తల్లిదండ్రులకు అనుబంధము బలమవుతుంది. ఏకీభవించని వారికి తమ రుసుము తమకు నచ్చని వాదానికి తోడ్పడుతున్నదన్న అసంతృప్తి కలగవచ్చు. పీటీఓ సాధారణంగా తన బడి అవసరాలకే పరిమితమవుతుంది. బడి నిధుల కోత వంటి సమస్య రాష్ట్ర రాజధానిలో తేలవలసి వచ్చినపుడు ఒంటరి పీటీఓ మాటకు బరువు తక్కువ.

== ఎంపిక ==
కొత్తగా ఏర్పడే సంఘము ముఖ్యంగా గమనించవలసినవి:
* నియమావళి, లెక్కలు, పన్ను పత్రాలు చూడగల అనుభవజ్ఞులు ప్రతి సంవత్సరమూ దొరుకుతారా?
* బీమా, శిక్షణ విడిగా సమకూర్చుకుంటే అయ్యే ఖర్చు పై శాఖలకిచ్చే వాటా కంటే తక్కువా, ఎక్కువా?
* సభ్యులు కోరుకునేది బడికి సహాయము మాత్రమేనా, విధానాలలో పాత్ర కూడానా?

పీటీఏ నుండి వైదొలగాలంటే నియమావళి ప్రకారము ముందస్తు నోటీసు, సభ్యుల ఓటు అవసరము. ఆ పేరును వదలుకోవాలి. ఖాతాలోని సొమ్ము ఎవరికి చెందునో నియమావళిలో ముందుగానే చూసుకోవాలి.

== భారతదేశముతో పోలిక ==
భారతదేశంలో విద్యాహక్కు చట్టము, 2009 ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తము సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. అది చట్టము ఏర్పరచిన కమిటీ. పీటీఏ, పీటీఓలు సభ్యులు తమంతట తాము ఏర్పరచుకున్నవి, బడి పాలనపై వాటికి అధికారము లేదు. పీటీఏ సభ్యత్వానికి అమెరికా పౌరసత్వము అవసరము లేదు. కనుక ఉద్యోగ వీసాలపై అక్కడ నివసించే తెలుగు కుటుంబాల వారు కూడా ఇందులో చేరి ఓటు వేయవచ్చు.