పొరల విల్లు, వెదురు విల్లు

బలమును ముందుగా కూడబెట్టి, కోరిన క్షణమున విడుదల చేయుటకు మానవుడు కల్పించుకొన్న తొలి సాధనములలో విల్లు ఒకటి. చూచుటకు అది వంగిన కఱ్ఱయు, బిగిసిన నారియు మాత్రమే. కాని ఆ వంపులో ఒక చిక్కు దాగియున్నది. నారిని లాగినపుడు లక్ష్యమువైపు నుండు వెలిముఖము సాగును. విలుకానివైపు నుండు లోముఖము నొక్కుకొనును. ఒకే కఱ్ఱ ఈ రెండు ఒత్తిళ్ళను సమముగా ఓర్చుకొనుట అరుదు. సాగలేని కఱ్ఱ విరుగును. నొక్కునకు ఆగలేని కఱ్ఱ నారి విప్పిన పిదప కూడ వంగియే యుండును. వింటి నిర్మాణ చరిత్రలో పెద్ద భాగము ఈ చిక్కును విప్పుటకు జరిగిన యత్నముల చరిత్రయే.

ఆ యత్నములలో ముఖ్యమైనది పొరలు పేర్చుట. ఆసియాఖండపు గడ్డి మైదానములలోని ఆశ్వికులు నడుమ కఱ్ఱను, లోముఖమున కొమ్మును, వెలిముఖమున పశువుల స్నాయువులను దంచి తీసిన పోగులను జిగురుతో అతికించి పొట్టి విండ్లను చేసిరి. కొమ్ము నొక్కునకు ఆగును, స్నాయువు సాగుటకు ఆగును. జపానువారు రెండు వెదురుబద్దల నడుమ కఱ్ఱముక్కలను పేర్చి అతికించి, త్రాళ్ళతో చుట్టి, జిగురు ఆరకమునుపే చీలలు బిగించి వంపు తెచ్చిరి. నేడు ఇంటివద్ద వేడుకకై విల్లు చేసికొనువారు అనుసరించునది కూడ ఈ సూత్రమునే. పలుచని కఱ్ఱపొరలకు జిగురు పూసి, వంపు కల అచ్చుపై బిగించి ఆరనిత్తురు. పిదప కొద్దికొద్దిగా లాగి చూచుచు, బిరుసుగా నున్న కొమ్మను గీకి, రెండు కొమ్మలును ఒకే తీరున వంగునట్లు సరిచేయుదురు. ఓర్పు అంతయు ఈ చివరి పనియందే కావలెను. ఎక్కువ గీకినచో పోయిన కఱ్ఱ తిరిగి రాదు.

మన దేశమునందు ఈ రెండు మార్గములును ప్రాచీన కాలముననే తెలిసియుండెను. కౌటిల్యుని అర్థశాస్త్రము తాటిమానితో, వెదురుతో, దారువుతో, కొమ్ముతో చేయు విండ్లను వేర్వేరు పేర్లతో పేర్కొన్నది. విష్ణుమూర్తి వింటికి శార్ఙ్గమను పేరు కొమ్మునుబట్టి వచ్చినదే. తెలుగులోని సింగిణి అను మాటయు కొమ్మువింటికే చెల్లును. అలెగ్జాండరు వెంట వచ్చిన నియార్కసు భారతీయ పదాతి వింటిని వర్ణించెను. అది మనిషి యెత్తు ఉండుననియు, దానిని నేలపై ఆనించి, ఎడమకాలితో త్రొక్కిపట్టి లాగుదురనియు అతని మాటగా గ్రీకు చరిత్రకారుడు ఆరియను వ్రాసెను. పొట్టిదైన సింగిణి గుఱ్ఱపు రౌతులకు అనువైనది. నిలువెత్తు విల్లు కాలిబంటునకు తగినది.

మొగలాయీల కాలమున కొమ్మువిల్లు రాజాయుధమై, రంగులతోను లక్కపూతతోను శోభిల్లెను. కాని దానికొక శత్రువు కలదు: వానకాలపు తేమ. తోలు ఉడికించి తీసిన జిగురు తేమకు మెత్తబడును, పొరలు విడిపోవును. అందుచేతనే ఆయుధాగారములలో చిరకాలము నిలువయుంచుటకు ఉక్కువిండ్లను కూడ చేయించిరి. వాని వేగము తక్కువైనను వానకు చెడవు. తుపాకి ప్రబలిన పిదప, రాజుల పనివారిపై ఆధారపడిన ఆ కొమ్మువిల్లు క్రమముగా ప్రదర్శనశాలలకు చేరినది.

అడవిలోని వెదురువిల్లు మాత్రము నిలిచినది. రాయపూరునకు దక్షిణముగా సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్న జగదల్పూరు బస్తరు ప్రాంతమునకు ముఖ్యపట్టణము. అచ్చటి మురియా, మాడియా, ధుర్వా జాతులును, గోదావరి పరిసరములలోని కోయలును తరతరములుగా విల్లును ఇంటివద్దనే చేసికొనిరి. దానికి కావలసినవి ముదిరిన వెదురు, వాడియైన కత్తి, తండ్రి చేతిని చూచి నేర్చిన కొడుకు చేయి. నారి కూడ పెక్కుచోట్ల సన్నని వెదురుబద్దయే. జిగురు లేదు గనుక తేమకు విడిపోవునది లేదు. వెదురును అడ్డముగా కోసి చూచినచో దాని పైచర్మము వద్ద నారలు దట్టముగాను, లోపలికి పోయినకొలది పలుచగాను కనబడును. ఇతరులు కొమ్ము, కఱ్ఱ, స్నాయువులను అతికించి సాధించిన భేదమును ప్రకృతి ఒకే బద్దలో కొంతవరకు అమర్చియుంచినది. ఈ వింటిని ఆటవికమని తేలికగా చూచుట తగదు; అది ఈ నేలకు, ఈ వానకు తగిన నిర్మాణము.

ప్రతి యింట తయారగు ఆయుధము పాలకులకు కలవరము కలిగించుట సహజము. 1905లో ఆంగ్లప్రభుత్వము బస్తరు అడవులలో మూడింట రెండువంతులను రిజర్వు చేయదలచి, పోడుసాగును, వేటను, అటవీఫలసేకరణమును ఆపబూనెను. 1910లో మామిడికొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, అమ్ములు గ్రామము నుండి గ్రామమునకు తిరిగెను. అదియే భూమ్‌కాల్ తిరుగుబాటునకు పిలుపు. నేతానారు గ్రామమునకు చెందిన ధుర్వా వీరుడు గుండాధుర్ అందు ప్రముఖుడు. తిరుగుబాటు అణగుటకు ఫిబ్రవరి మొదలు మే వరకు పట్టెను. గుండాధుర్ పట్టుబడలేదు. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణము సుమారు సగమునకు తగ్గినది. పండ్రెండేండ్ల పిదప మన్యమున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున, అటవీశాసనముల బాధలతోనే, అట్టి విలుకాండ్రే లేచిరి. 1922 ఆగస్టులో వారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి మొదట చేజిక్కించుకొన్నవి తుపాకులు. వింటి శక్తిని దానిని పట్టినవారెఱుగుదురు. దాని హద్దును కూడ వారే యెఱుగుదురు.

బస్తరు రాజవంశము తాము ఓరుగల్లు ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుని సంతతివారమని చెప్పుకొనును. తల్లి ప్రఫుల్లకుమారీదేవి వైపున ఆ వంశమునకు చెందిన ప్రవీర్‌చంద్ర భంజదేవ్, 1966 మార్చి 25న జగదల్పూరు రాజభవనమున జరిగిన పోలీసు కాల్పులలో మరణించెను. అతనితోపాటు విండ్లు చేబట్టి అచ్చట నున్న గిరిజనులును నేలకొరిగిరి. 2000 నవంబరు 1న రాయపూరు రాజధానిగా ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము విలువిద్యా పురస్కారమునకు ప్రవీర్‌చంద్రుని పేరును, క్రీడాపురస్కారమునకు గుండాధుర్ పేరును పెట్టినది. ఆంధ్రప్రదేశ్ అవతరణదినమైన నవంబరు మొదటి తేదీయే ఇచ్చట రాజ్యోత్సవదినము కూడ అగుట తెలుగువారికి ముచ్చట గొలుపు విషయము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును వేటను నేరముగా చేసినవి. అడవి మృగములు మిగులుటకు అది అవసరమే. కాని వేటతోపాటు వింటి పనియు మరుగున పడునేమో యను చింత కలుగక మానదు. జాతీయ పోటీలలోని ఇండియన్ రౌండు విభాగమున బాలబాలికలు నేటికిని వెదురువిల్లుతోనే గురి నేర్చుచున్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలుచుకొన్న విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ వాడునది కప్పీలు గల యంత్రపు విల్లు. ఆధునికమైన విల్లునకు గౌరవము దొరకినది. వెదురును ఎన్నుకొను కన్నునకు, బద్దను గీకు చేతికి, పొరల మర్మమెఱిగిన బుద్ధికి కూడ మన పాఠశాలలలో కొంత చోటు దొరకవలసియున్నది. ఆ విద్య పుస్తకములలో లేదు. బస్తరు పల్లెల ముంగిళ్ళలో వెదురుబద్దను చేతబట్టి కూర్చుండిన వృద్ధుల వ్రేళ్ళయందున్నది. వారుండగనే నేర్చుకొనుట మేలు.