క్రైస్తవ యువజన నాయకత్వ శిక్షణ (హైదరాబాదు, తెలుగు ప్రాంతాలు)

సంఘంలోని యౌవనస్థులను కూడగట్టి నడిపించే బాధ్యతకు యువతీ యువకులను సిద్ధం చేసే పని ఇది. తెలుగు క్రైస్తవుల్లో దీనికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. డోర్నకల్ చుట్టుపక్కల పల్లెబడుల నుంచి ఉస్మానియా హాస్టళ్లకూ, తార్నాక, హబ్సిగూడల్లో విద్యార్థులు ఉండే అద్దె గదులకూ అది చేరుకుంది. మధ్యలో పాఠాలు మారాయి, భాష మారింది. అనుభవం చాలకపోయినా నమ్మి పని అప్పగించినచోట నాయకులు తయారయ్యారు. వరుసగా కూర్చోబెట్టి ప్రసంగాలు వినిపించినచోట శ్రోతలు మిగిలారు.

మూలాలు

జార్జ్ విలియమ్స్ 1844లో లండన్‌లో వై.ఎం.సి.ఏ.ను స్థాపించాడు. 1881లో అమెరికాలో ఫ్రాన్సిస్ క్లార్క్ ప్రారంభించిన క్రిస్టియన్ ఎండెవర్ ఇంకో అడుగు ముందుకేసి, కూడిక నడపడం, ప్రార్థన చేయడం, సాక్ష్యం చెప్పడం పెద్దల చేతుల్లోంచి తీసి యౌవనస్థులకే ఒప్పజెప్పింది. ఇప్పటికీ మన సంఘాల యువజన సమాజాల్లో కనిపించే ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ల ఏర్పాటు ఆ కాలపు సంఘాల పోలికలోనే ఉంటుంది.

తెలుగు నేలకు ఈ ఆలోచనను మోసుకొచ్చినవారిలో ముఖ్యుడు తమిళుడు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య పద్నాలుగేళ్లపాటు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాదిలో విద్యార్థుల మధ్య తిరిగాడు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు వెళ్లాడు. 1909లో ఆ ఉద్యోగం వదిలేసి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఆయన ముందున్న సమస్య తేలికైంది కాదు. మాల, మాదిగ పల్లెలు ఊళ్లకు ఊళ్లే బాప్తిస్మానికి వస్తున్నాయి; వాళ్లకు అక్షరాలు చెప్పేవాళ్లు లేరు, ఆరాధన నడిపేవాళ్లు లేరు. పట్టభద్రుల కోసం ఎదురుచూస్తే పని జరగదు. అందుకని అక్షరాలు వచ్చిన కుర్రవాళ్లను, పెళ్లయితే భార్యతో సహా, శిక్షణకు తెచ్చి పల్లెకు పంపే పద్ధతి వేళ్లూనింది. పగలు బడి పంతులు, సాయంత్రం ప్రార్థన నడిపే ఉపదేశి, పల్లెలో తగాదా వస్తే మధ్యవర్తి కూడా అతనే. భార్య ఆడవాళ్లకు చదువు చెప్పేది. భజనలు, కోలాటాలు ఆరాధనలోకి వచ్చాయి. 1935 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. కుర్రవాళ్ల మీద అంత భారం వేయడం సాహసమే. ఆ సాహసమే లేకుంటే తెలంగాణలో సంఘాలు మిషన్ బంగళా చుట్టూనే తిరిగేవేమో. అజరయ్య 1945 జనవరి 1న చనిపోయాడు.

పిల్లల వైపు నుంచి 1876లో ఏర్పడిన ఇండియా సండే స్కూల్ యూనియన్, ఆ తర్వాత వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ బడులు (వి.బి.ఎస్.లు) ఈ పనికి తోడయ్యాయి. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అక్క చిన్నపిల్లలకు యాక్షన్ సాంగ్ నేర్పడం చాలామందికి మొదటి నాయకత్వ పాఠం.

క్యాంపస్ దశ

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. మిషన్ బడుల్లో తెలుగు, ఇంగ్లీషు చదివినవాళ్లకు అది అంత దగ్గర కాలేదు. నగరంలోనే ఉన్న నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఉస్మానియాలో బోధనా భాష మారాక, 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక, కోస్తా, రాయలసీమ విద్యార్థులు కూడా తార్నాక వైపు వచ్చారు. 1958లో పక్కనే కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ, తర్వాత హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలిశాయి.

క్రైస్తవ విద్యార్థి లోకంలో రెండు పాయలున్నాయి. 1912లో ఏర్పడిన స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ సామాజిక ప్రశ్నల వైపు మొగ్గింది. 1954లో జంతుశాస్త్ర ఆచార్యుడు హెచ్. ఈనోక్ వంటివారి చొరవతో వచ్చిన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా (యు.ఇ.ఎస్.ఐ.) వాక్య ధ్యానానికి, సాక్ష్యానికి పెద్దపీట వేసింది. చదువుతున్నవాళ్లకు ఇవాంజెలికల్ యూనియన్ (ఇ.యు.), చదువు ముగించినవాళ్లకు ఇవాంజెలికల్ గ్రాడ్యుయేట్స్ ఫెలోషిప్ (ఇ.జి.ఎఫ్.) అని దాని ఏర్పాటు. కమిటీ విద్యార్థులదే; స్టాఫ్ వర్కర్ పక్కన నిలబడతాడు.

ఈ బృందాల బైబిల్ స్టడీ చూస్తే శిక్షణ ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది. ఏడెనిమిది మంది నేలమీద గుండ్రంగా కూర్చుంటారు. నడిపేవాడు ఎం.ఎస్సీ. మొదటి ఏడాది తమ్ముడే కావచ్చు. అతను ప్రసంగం చేయకూడదు. భాగం చదివించి, ఇందులో ఏముంది, దాని అర్థమేమిటి, మన బతుకులో ఎక్కడ వర్తిస్తుంది అని ప్రశ్నలు వేయాలి. ఎవరూ మాట్లాడకపోతే జవాబు తానే చెప్పేయకుండా ఓపిక పట్టాలి. కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టం ఇదే. ఒకే అన్న గంటసేపు మాట్లాడితే, తర్వాతి ఏడాది అతను వెళ్లిపోగానే గుంపు చెదిరిపోతుంది.

కతోలికుల దారి వేరు. 1924లో పుట్టిన ఆలిండియా కాథలిక్ యూనివర్సిటీ ఫెడరేషన్, బెల్జియం గురువు జోసెఫ్ కార్డిన్ రూపొందించిన 'చూడు, విచారించు, ఆచరించు' పద్ధతి అక్కడి యువజన శిక్షణపై బలమైన ముద్ర వేశాయి. హబ్సిగూడకు ఆనుకుని ఉన్న రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం గురువులను తయారుచేస్తుంది. ప్రొటెస్టెంటు వైపు 1964లో రాజమండ్రిలో మొదలై, 1970ల ఆరంభంలో హైదరాబాదు దిగువ ట్యాంక్‌బండ్‌కు మారిన ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కళాశాల ఆ పని చేస్తోంది.

ప్రశ్నలు

1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులపై జరిగిన హత్యాకాండలు ఈ శిక్షణను కూడా నిలదీశాయి. బాధిత పల్లెల్లో క్రైస్తవులూ ఉన్నారు. పాటలు, ప్రార్థన నేర్పిన నాయకత్వానికి పల్లె మీద దాడి జరిగినప్పుడు ఏం చేయాలో నేర్పామా అని దళితుల అనుభవం నుంచి పుట్టిన క్రైస్తవ ఆలోచన, దళిత వేదాంతం, అడిగింది. ఆ ప్రశ్నను కొన్ని బృందాలు శిక్షణలోకి తీసుకున్నాయి, కొన్ని పక్కన పెట్టాయి.

మహిళల విషయంలో మార్పు ఆలస్యంగా వచ్చింది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్‌గా అభిషిక్తురాలై దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో తొలి మహిళా బిషప్ అయ్యారు. యువజన సమాజాల్లో మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల అమ్మాయిలకు పాటలు, సండే స్కూలు, అబ్బాయిలకు అధ్యక్ష కుర్చీ, మైకు అన్న వాటా నడుస్తూనే ఉంది.