మైసెన్ పింగాణి కర్మాగారము: తొలినాళ్ల చరిత్ర

పల్నాటిలో పిడుగురాళ్ల సున్నపు బట్టీలను చూచినవారికి రాయి నిప్పులో గుణము మార్చుకొనుట వింత గాదు. సున్నపురాయి కాలి సున్నమగుటకు దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలును. గట్టి పింగాణికి దాదాపు 1400 డిగ్రీలు కావలెను. చీనావారు ఈ వేడిని ఎన్నడో సాధించిరి. ఐరోపావారికి మాత్రము అది పదునెనిమిదవ శతాబ్దివరకు పట్టువడలేదు.

తెల్లమన్ను దొరకినంతమాత్రమున పింగాణి యగునా? కాదనుటకు మన కొండాపురమే సాక్షి. పూర్వపు మెదకు జిల్లాలోని ఆ యూర 1940 తరువాత జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల కాలపు తెల్లమట్టి బొమ్మలు లభించినవి. రెండచ్చులతో, లోన గుల్లగా చేసిన ఆ బొమ్మల కేశాలంకారము చూడముచ్చటైనది. అయినను అవి పింగాణి కావు. మన్ను గాజువలె బిగిసి యేకమగునంతటి వేడి వానికి తగులలేదు.

ఆ వేడిని జర్మనీలో సాధించినది సాక్సనీ రాజ్యము. దాని పాలకుడైన బలశాలి అగస్టసునకు చీనా పాత్రలపై మోజు మెండు. 1717లో 600 మంది ఆశ్వికభటులను ప్రష్యా రాజున కిచ్చి 151 పాత్రలను గైకొన్నవాడాతడు! బంగారము చేయగలనని చెప్పుకొన్న బోట్‌గరు అను యువకుడు 1701లో బెర్లిను విడిచి పారిపోయి వచ్చి, ఈ రాజు నిర్బంధములో పడెను. గణితవేత్త చిర్న్‌హౌసు పెద్ద కటకములతో సూర్యరశ్మిని కూడగట్టి మన్నులను కరగించి చూచుచుండెను. బోట్‌గరు ఆయన క్రింద పనిచేసెను. ఫ్రైబర్గు గనిపనివారు కొలుములు నిలిపిరి. తెల్లమన్నుతో పాలరాతి జాతిదైన మెత్తని రాతిపొడిని కలిపి కాల్చగా పని ఫలించినది.

చిర్న్‌హౌసు 1708 అక్టోబరులో మరణించెను. 1709 మార్చి 28న బోట్‌గరు తన విజయమును రాజునకు విన్నవించెను. కీర్తి యంతయు ఆతనికే దక్కినది. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము. మార్గము చూపినది చిర్న్‌హౌసు. విడువక సాగించినది బోట్‌గరు. పొగలో నిలిచినవారు గనిపనివారు. వీరిలో మూడవవారి పేళ్లను చెప్పువారే అరుదు.

1710 జనవరి 23న రాజాజ్ఞ వెలువడెను. జూనులో కర్మాగారము మైసెనులోని ఆల్బ్రెక్ట్స్‌బర్గు కోటకు చేరెను. కోట నెన్నుకొనుటకు రహస్యరక్షణమే కారణము. 1713లో లైప్‌సిగు సంతలో తెల్లపింగాణి అమ్మకమునకు వచ్చెను. 1714లో విడుదలైన బోట్‌గరు 1719లో, 37వ యేట మరణించెను. అప్పటికే రహస్యము కోట దాటినది. ష్టోల్‌సెలు అను పనివాడు వియన్నా చేరి, 1718లో నెలకొన్న అచ్చటి కర్మాగారమునకు దానిని తెలిపెను. 1720లో ఆతడు తిరిగి వచ్చునపుడు వెంట హెరోల్డు అను చిత్రకారుని తెచ్చెను. మైసెను పాత్రలపై రంగుల చిత్రణము వికసించినది ఈ హెరోల్డు చేతిలోనే.