కొసరు అనుకున్న జన్యువులు

హెచ్‌ఐవీకి ఉన్న జన్యువులు తొమ్మిదే. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటానియేల బృందం ఈ వైరస్‌ను వేరుచేసిన కొన్నేళ్లకే వాటి జాబితా తేలిపోయింది. అందులో విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్ అనే నాలుగింటిని శాస్త్రవేత్తలు కొసరు కింద జమకట్టారు. అవి తీసేసినా ప్రయోగశాలలోని చాలా కణాల్లో వైరస్ పెరుగుతూనే ఉండేది మరి.

లెక్క తప్పింది ఆ కణాల వల్లే. ఏళ్ల తరబడి సీసాల్లో పెంచిన వాటిలో కొన్ని, పుట్టుకతో వచ్చిన రక్షణను పోగొట్టుకున్నాయి. కాపలా లేని ఇంట్లో దొంగ పనితనం ఎలా తెలుస్తుంది?

గుట్టు మొదట విఫ్ దగ్గర బయటపడింది. విఫ్ లేని వైరస్ టీ కణాలనే రోగనిరోధక కణాల్లో కొన్నింటిలో పెరిగేది, వాటికి దగ్గరి బంధువులైన మరికొన్నింటిలో చతికిలబడేది. 2002లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో యాన్ షీహీ, మైకేల్ మాలిమ్‌ల బృందం ఆ రెండు రకాలనూ పోల్చి చూస్తే ఒక మానవ జన్యువు దొరికింది. ఇప్పుడు దాన్ని అపోబెక్3జీ అంటున్నారు. దాని ప్రొటీన్ కొత్తగా తయారయ్యే వైరస్ రేణువులోకి దూరి కూర్చుంటుంది. ఆ వైరస్ మరో కణంలో తన ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రాసుకునేటప్పుడు ఈ ప్రొటీన్ సైటోసిన్‌లను యురాసిల్‌గా మార్చి, ఆ ప్రతిని తప్పులతడక చేసేస్తుంది. విఫ్ దీనికి విరుగుడు. కణంలో పనికిరాని ప్రొటీన్లను నరికేసే యంత్రాంగాన్నే అపోబెక్3జీ మీదికి ఉసిగొల్పుతుంది. మన ఆయుధాన్ని మన చేతే విరగ్గొట్టిస్తుందన్నమాట.

2008లో వీపీయూ వంతు వచ్చింది. న్యూయార్క్‌లో స్టువర్ట్ నీల్, పాల్ బీనియాజ్‌లు టెథరిన్ అనే మానవ ప్రొటీన్‌ను గుర్తించారు. వైరస్ సోకిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ సంకేతం అందగానే కణాలు దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. బయటికి పోబోయే వైరస్ రేణువులను ఇది కణం పొరకే కట్టిపడేస్తుంది. వీపీయూ దాన్ని ఆ పొర మీద నుంచి తప్పిస్తుంది. 2015లో నెఫ్ అడ్డుతొలగించే సెరింక్5 అనే ప్రొటీన్ కూడా బయటపడింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా కలవరపెట్టే భాగం 2009లో తెలిసింది. చింపాంజీల్లో ఉన్నంతకాలం ఈ వైరస్ టెథరిన్‌ను నెఫ్‌తో ఎదుర్కొనేది. మనిషి టెథరిన్‌లో సరిగ్గా నెఫ్ పనిచేసే చోట ఐదు అమైనో ఆమ్లాలు లేవు. ఆ లోటే మనకు రక్ష. అయినా కామెరూన్ చింపాంజీల నుంచి మనుషుల్లోకి దాటిన ఒక శాఖలో, నెఫ్ చేయలేని పనిని వీపీయూ నేర్చుకుంది. అదే ఎమ్ గ్రూపు. ఖండాలన్నీ చుట్టబెట్టి కోట్ల ప్రాణాలు తీసింది ఈ శాఖే. భారత్‌లో ఎక్కువగా కనిపించే సీ ఉపరకమూ దీని సంతానమే.