బిగింపుకో లెక్క

పాత టాటా బండి కిందికి దూరిన మెకానిక్ సైలెన్సర్ గొట్టం విప్పడానికి చేయి చాపి ‘పదమూడు’ అంటాడు. పక్కనున్న కుర్రాడు 13 పానా అందిస్తాడు. సరిగ్గా అంతే మందం బోల్టు మారుతి బండికి ఉంటే అడిగేది 12. ఇంకాస్త లావు బోల్టు దగ్గర టాటాకి 17, మారుతికి 14. బోల్టు ఒంటి కొలత రెండింటిలోనూ ఒకటే, మొదటిది 8 మిల్లీమీటర్లు, రెండోది 10. తేడా అంతా తల దగ్గరే. జర్మనీ వాళ్ళ ప్రమాణంలో తల కాస్త పెద్దది, జపాన్ వాళ్ళది చిన్నది. టాటా 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. మారుతి తొలి కారు 1983 డిసెంబరులో సుజుకి డిజైన్‌తో రోడ్డెక్కింది. ఎవరి చేయి పట్టుకుని నడక నేర్చుకుంటే వాళ్ళ పానాయే దక్కింది.

అంతకుముందు సంగతి మరీ గందరగోళం. అంబాసిడర్ అంటే ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్, లేలాండ్ లారీ కూడా ఆ దేశం సరుకే, మహీంద్రా జీపు అమెరికా విల్లీస్. అన్నీ అంగుళాల బండ్లే అయినా అంగుళాల్లోనూ తెగలున్నాయి. ఇంగ్లండు పద్ధతి అయిన విట్‌వర్త్ పానా మీద ‘3/8’ అని ఉంటే అది బోల్టు మందం. అమెరికా పద్ధతి పానా మీద అదే ‘3/8’ ఉంటే అది నట్టు రెండు చెంపల మధ్య దూరం. మొదటి దాని నోరు నిజానికి దాదాపు 0.71 అంగుళం, అంటే రెండో దానికి రెట్టింపుకు దగ్గర. 1960లలో మొదలైన విజయవాడ ఆటోనగర్‌లో లారీకీ కారుకీ జీపుకీ చేయి వేయాల్సిన మేస్త్రీకి ఒక్క సెట్టు పానాలతో పని జరిగేది కాదు.

ఈ చిక్కు పుట్టింది ఇంగ్లండులోనే, దాన్ని విప్పే ప్రయత్నం మొదలైందీ అక్కడే. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే బోల్టు చుట్లను కచ్చితంగా కోసే లేతు యంత్రాన్ని తీర్చిదిద్దాడు. దాంతో ఒకే కొట్టులో తయారైన బోల్టులన్నీ ఒకేలా రావడం మొదలైంది. పక్క కొట్టులో మాత్రం కొలతలు వేరు. ఒక యంత్రం నట్టు పోతే దాన్ని చేసిన కొట్టుకే తిరిగి వెళ్ళాలి. మాడ్‌స్లే దగ్గర పని నేర్చుకున్న జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దీనికి మందు చెప్పాడు. అతను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. దేశంలోని పేరున్న కొట్ల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, వాటి సగటు తీశాడు. చుట్టు కోణం 55 డిగ్రీలు, ఫలానా మందానికి అంగుళానికి ఇన్ని చుట్లు అని పట్టిక రాసి సివిల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టాడు. ఎవరికీ పూర్తిగా నచ్చకపోయినా ఎవరికీ పూర్తిగా పరాయిది కాని కొలత అది. బహుశా అందుకే నిలిచింది. రైల్వేలు ముందుగా అందుకున్నాయి, తక్కిన దేశం వాటి వెనక నడిచింది.

అమెరికా మాత్రం ఒప్పుకోలేదు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణం, చదునైన కొన ఉన్న చుట్టును ప్రతిపాదించాడు. విట్‌వర్త్ చుట్టుకుండే గుండ్రటి కొన కోయడానికి మంచి పనివాడు, మంచి పనిముట్టు కావాలి, తనది మామూలు మేస్త్రీ కూడా కోయగలడని అతని వాదం. న్యాయమైన వాదమే. కానీ దాని ఫలితంగా అట్లాంటిక్‌కు ఆ ఒడ్డున ఒక నట్టు, ఈ ఒడ్డున ఒక నట్టు స్థిరపడిపోయాయి.

చుట్లు కలవకపోతే ఏమవుతుందో 1904 ఫిబ్రవరి 7న బాల్టిమోర్ నగరం చూసింది. నగరం నడిబొడ్డున నిప్పంటుకుంది. వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి, న్యూయార్క్ నుంచి కూడా అగ్నిమాపక బండ్లు రైలెక్కి వచ్చాయి. వచ్చిన చాలా గొట్టాల మూతులు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు. నీళ్ళున్నాయి, మనుషులున్నారు, గొట్టాలున్నాయి, చుట్లు కలవలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. దాదాపు నలభై ఏళ్ళ తరువాత రెండో ప్రపంచయుద్ధంలో డెట్రాయిట్‌లోని ప్యాకార్డ్ కంపెనీ రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లు తయారుచేయాల్సి వచ్చినప్పుడు, బ్రిటిష్ చుట్లు కోసే ట్యాపులూ డైలూ అమెరికాలో దొరక్క తనే చేసుకుంది. ఆ అనుభవం వృథా కాలేదు. 1948 నవంబరు 18న బ్రిటన్, అమెరికా, కెనడా ఉమ్మడి అంగుళాల చుట్టుకు సంతకాలు చేశాయి. కోణం 60 డిగ్రీలు, అంటే గెలిచింది సెల్లర్స్. ఆ తరువాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మిల్లీమీటర్ చుట్టుకూ అదే కోణం ఖాయం చేసింది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్ళింది. షోరూమ్‌లో ఈ రోజు కుటుంబం కోసం కొనే ఏ ఎస్‌యూవీ కింద చూసినా బోల్టులు దాదాపు అన్నీ ఈ మిల్లీమీటర్ జాతివే.

ఇంతా చేస్తే తేలింది ఒక్క ప్రశ్న మాత్రమే, ఏ నట్టు ఏ బోల్టుకు పడుతుందన్నది. ఎంత బిగించాలన్నది ఇంకా చేతి లెక్కలోనే ఉండిపోయింది. పానా పొడుగు, మేస్త్రీ కండ, అతని అలవాటు ఇవే కొలమానాలు. చిన్న పానాలను పొట్టిగా, పెద్ద పానాలను పొడుగ్గా చేయడం వెనక ఉన్న ఉద్దేశం కూడా అదే, సన్న బోల్టు మీద ఎక్కువ బలం పడకూడదని. ఆ పొట్టి పానాకు గొట్టం తొడిగి లాగే రకం ప్రతి షెడ్డులోనూ ఒకరుంటారు.

చేతికి లెక్క నేర్పే పనిముట్టు పుట్టింది కార్ల కొట్టులో కాదు. 1918లో న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్‌కు ఒక తలనొప్పి ఉండేది. భూమిలో పాతిన నీటి గొట్టాల, ఆవిరి గొట్టాల జాయింట్ల దగ్గర బోల్టులను పనివాళ్ళు అతిగా బిగించి పాడుచేస్తున్నారు. మెలితిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే రెంచ్‌ను అతను అందుకోసం రూపొందించాడంటారు. 1935లో జార్జ్ ఫెఫర్ల్‌తో కలిసి, కోరిన బలం అందగానే చప్పుడు చేసి చెప్పే రకానికి పేటెంట్ అందుకున్నాడు. గొట్టం జాయింటు కోసం పుట్టిన పనిముట్టు ఆ తరువాత ఇంజన్ హెడ్డు బోల్టుల దగ్గర పేరు తెచ్చుకుంది. తీరా మళ్ళీ గొట్టం జాయింటు దగ్గరకే, అంటే కారు సైలెన్సర్ లైను దగ్గరకు వచ్చేసరికి దాని లెక్క తడబడింది.

ఎందుకో తెలియాలంటే బోల్టు లోపల జరిగేది చూడాలి. బోల్టు బిగిసిందంటే అది ఇసుమంత సాగిందని అర్థం. సాగిన ఉక్కు వెనక్కి లాగే బలమే రెండు ముక్కలనూ కలిపి పట్టుకుంటుంది. టార్క్ రెంచ్ ఈ సాగుదలను చూడలేదు, తిప్పడానికి పట్టిన బలాన్నే చూస్తుంది. ఆ బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది. మరో 40 శాతం చుట్లలో రాపిడికి పోతుంది. నికరంగా బోల్టును సాగదీసేది 10 శాతం. చుట్లకు నూనె రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే అంకె దగ్గర బోల్టు అతిగా సాగుతుంది. తుప్పు పడితే కథ తిరగబడుతుంది, రెంచ్ ‘టక్’ మంటుంది కానీ జాయింటు వదులుగానే ఉంటుంది. నిప్పుల్లో కాలి, రోడ్డు మీది బురదలో తడిసే సైలెన్సర్ బోల్టుకు తుప్పు తప్పదు.

కార్లు వచ్చిన కొత్తలో పొగ గొట్టం బిగింపును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్ళో మిల్టన్ రీవ్స్, అతని సోదరుడు 1897లో ఇంజన్ చప్పుడు తగ్గించే డబ్బాకు పేటెంట్ తీసుకున్నారు. అది తగిలించుకున్నవాళ్ళకు ఇంజన్ బలం తగ్గిందన్న దిగులు పట్టుకుంది. అందుకని కొన్ని కార్లకు ఒక మీట పెట్టారు. ఊరు దాటాక దాన్ని లాగితే పొగ సైలెన్సర్ జోలికి పోకుండా నేరుగా బయటికి కొట్టేది. ఇవాళ రాత్రిళ్ళు బుల్లెట్ సైలెన్సర్ మార్చి వీధి లేపే కుర్రాళ్ళకు పూర్వీకులు ఆనాడే ఉన్నారన్నమాట. పొగ గొట్టం కాస్త కారితే ఏమవుతుందన్న ధీమా అప్పటిది.

తుప్పుకూ వేడికీ మేస్త్రీలు తమ పద్ధతిలో విరుగుడు కనుక్కున్నారు. బ్రిటిష్ కార్లలో ఇంజన్ హెడ్డుకు పొగ గొట్టాన్ని కలిపే మానిఫోల్డు స్టడ్లకు, అంటే తల లేని బోల్టులకు, ఇత్తడి నట్లు వేసేవారు. ఇత్తడి ఉక్కు స్టడ్డుకు తుప్పుతో అతుక్కుపోదు. మరీ మొండికేస్తే అరిగేది మెత్తటి నట్టే కానీ స్టడ్డు కాదు. తరువాతి కాలంలో రాగి పూత నట్లు వచ్చాయి. వేడి తెచ్చే ఇంకో చిక్కు లెక్కేస్తే తెలుస్తుంది. అరమీటరు పొడవున్న పోత ఇనుము మానిఫోల్డు 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని పట్టుకున్న ఇంజన్ హెడ్డు అంత వేడెక్కదు, అంత సాగదు. ఈ లాగులాటలో ఎక్కువ దెబ్బ తినేవి రెండు చివర్ల స్టడ్లు. విరిగిన స్టడ్డు ఏదని అడిగితే అనుభవమున్న మేస్త్రీ బానెట్ ఎత్తకముందే ‘చివరిదే అయ్యుంటుంది’ అనేది ఇందుకే. నడుమ నుంచి మొదలుపెట్టి చివర్లకు బిగించుకుంటూ పోవాలన్న నియమం, చివర్ల రంధ్రాలు కాస్త వెడల్పుగా ఉంచే పద్ధతి దీని నుంచే వచ్చాయి.

1959లో బ్రిటిష్ మినీ కారు ఇంకో మలుపు తెచ్చింది. అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా తిప్పి పెట్టాడు. దాంతో కారు లోపల చోటు పెరిగింది, ఆ తరువాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. అయితే అడ్డంగా కూర్చున్న ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి గట్టిగా బిగించిన పొగ గొట్టం ఆ ఊపును ఎన్నాళ్ళని భరిస్తుంది? మినీల్లో ఇంజన్ ఊగకుండా పట్టే కడ్డీ రబ్బర్లు అరిగితే గొట్టం జాయింటు కారడం, పగలడం మామూలైపోయింది. దీనికి వచ్చిన జవాబుల్లో ఒకటి స్ప్రింగు బోల్టు. ఉంగరంలా ఉండే గుండ్రటి ప్యాకింగ్ మీద గొట్టం మూతిని కూర్చోబెట్టి, రెండు బోల్టులకు స్ప్రింగులు తొడిగి పట్టించారు. ఇంజన్ ఊగితే జాయింటు కాస్త తిరుగుతుంది, పొగ మాత్రం కారదు. గట్టిగా బిగించడమే మంచిదన్న పాత మేస్త్రీ నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు. ఇక్కడ జాయింటును పట్టి ఉంచేది బోల్టు కాదు, స్ప్రింగు.

ఈలోగా పొగ గొట్టానికి చప్పుడు తగ్గించడం కంటే పెద్ద ఉద్యోగం వచ్చిపడింది. అమెరికాలో 1975 మోడళ్ళ నుంచి పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. 1976లో కాలిఫోర్నియాలో అమ్మిన వోల్వోల్లో బాష్ తయారుచేసిన ఆక్సిజన్ సెన్సర్ గొట్టంలోకి చేరింది. భారతదేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరైంది. ఆ తొలి జాబితాలో హైదరాబాద్ లేదు. సీసం కన్వర్టర్‌ను చంపేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరికి దేశమంతా వచ్చింది.

అప్పటి నుంచి వదులు బోల్టుకు ఖరీదు పెరిగింది. పొగ గొట్టంలో తెరలు తెరలుగా పోతుంది. రెండు తెరల నడుమ గొట్టంలో ఒత్తిడి క్షణకాలం బయటి గాలి కంటే తగ్గుతుంది. అప్పుడు సెన్సర్‌కు ముందున్న జాయింటులో సందుంటే బయటి గాలి లోపలికి జొరబడుతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదని కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కన్వర్టర్ కాగిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, యజమాని సెన్సర్ మార్పిస్తాడు, దీపం మళ్ళీ వెలుగుతుంది. కారు కింద పొగ కారితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావచ్చన్న ప్రమాదం దీనికి అదనం.

మరి సరైన బిగింపు ఇవాళ ఎలా ఉంటుంది? ఇంజన్ పూర్తిగా చల్లారాక, తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టిన తరువాత పని మొదలవుతుంది. గొట్టం బరువు బోల్టుల మీద పడకుండా కింద జాకీ పెడతారు. పాత ప్యాకింగ్‌ను మళ్ళీ వాడరు. కొత్త ఉంగరాన్ని చెక్క ముక్క అడ్డుపెట్టి మెల్లగా కొడుతూ మూతికి సమంగా దించుతారు. టయోటా మాన్యువల్ స్ప్రింగును బల్ల మీద పెట్టి వెర్నియర్‌తో కొలవమంటుంది. వేడికి కుంగి నిర్ణీత పొడవు కంటే తగ్గిన స్ప్రింగు ఎంత బిగించినా పట్టదు కాబట్టి దాన్ని పారేయాల్సిందే. బోల్టులను ముందు చేత్తో తిప్పి చుట్లు పట్టాయని చూసుకుంటారు. ఆ తరువాత ఇటు కొంత, అటు కొంత బిగిస్తారు. ఒకవైపే పూర్తిగా బిగిస్తే ఉంగరం వంకరగా కూర్చుంటుంది. మొత్తం లైనును రబ్బరు కొక్కేలకు వేలాడదీసి, ఎక్కడా తగలడం లేదని చూశాకే ముందు నుంచి వెనక్కి చివరి బిగింపు. మర్నాడు చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి జాయింటు దగ్గర చెవి పెడితే సందు ఉన్నదీ లేనిదీ ‘పుస్సు’ మనే చప్పుడే చెబుతుంది. కొన్నాళ్ళ తరువాత చూస్తే నల్లటి మసి చార కూడా చెబుతుంది.

కొన్ని టయోటా మోడళ్ళలో ఈ స్ప్రింగు బోల్టుకు ఇచ్చిన అంకె 43 న్యూటన్ మీటర్లు. 20 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 22 కిలోల బలంతో లాగినంత. బజారులో దొరికే టార్క్ రెంచ్‌లలో చాలా వాటి పిడి మీద రెండు వరసల అంకెలుంటాయి, ఒకటి న్యూటన్ మీటర్లు, రెండోది అంగుళాల కాలం నుంచి వదలకుండా వస్తున్న ఫుట్ పౌండ్లు. చూపు జారి రెండో వరసలో 43 దగ్గర పెడితే పడే బలం 58 న్యూటన్ మీటర్లు. స్ప్రింగు బోల్టు ఒంటికి ఒక మెట్టు ఉంటుంది, అది ఆనాక స్ప్రింగు ఇంక నొక్కుకోదు. ఎక్కువైన ఆ 15 న్యూటన్ మీటర్లూ పోయేది జాయింటు పట్టుకు కాదు, బోల్టు చుట్లను తినడానికే.