నెట్‌వర్క్ స్టోరేజీ పనితీరు పర్యవేక్షణ

నెట్‌వర్క్ మీదుగా అనేక కంప్యూటర్లకు ఫైళ్లనో డిస్కు బ్లాకులనో అందించే నిల్వ వ్యవస్థ ఎంత పని చేస్తోంది, ఒక్కో పనికి ఎంతసేపు తీసుకుంటోంది, ఎక్కడ ఇరుక్కుంటోంది అన్నవాటిని ఎప్పటికప్పుడు అంకెల్లో నమోదు చేసి చదవడమే నెట్‌వర్క్ స్టోరేజీ పనితీరు పర్యవేక్షణ. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్, విండోస్ యంత్రాలు వాడే ఎస్‌ఎంబీ ఫైళ్ల స్థాయిలో పనిచేసే ప్రోటోకాళ్లు. 2004లో ప్రమాణంగా వెలువడిన ఐస్కజీ బ్లాకుల స్థాయిలో పనిచేస్తుంది. ఏది వాడినా ఇబ్బంది ఒకటే. వాడుకరి చేసే ఫిర్యాదు "ఫైలు తెరుచుకోవట్లేదు" అన్న ఒక్క ముక్క. దాని వెనక అప్లికేషను, క్లయింటు ఆపరేటింగ్ సిస్టమ్, స్విచ్చులు, స్టోరేజీ కంట్రోలర్, క్యాష్, డిస్కులు వరసగా ఉంటాయి. ఏ అంచెకు ఆ అంచె తన లెక్క రాసుకుంటుంది, ఆ లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోలవు. అందుకని ఏ అంకెనైనా చదివేముందు దాన్ని ఎక్కడ కొలిచారు, ఎంత వ్యవధికి సగటు కట్టారు అని అడగాలి. ఈ రెండూ తెలియని అంకె ఎంత ఘనంగా కనిపించినా దానితో ఏమీ తేల్చలేం.

కొలతలు

ప్రాథమిక కొలతలు మూడు. సెకనుకు ఎన్ని చదివే, రాసే అభ్యర్థనలు పూర్తయ్యాయో చెప్పేది ఐఓపీఎస్. సెకనుకు ఎన్ని మెగాబైట్లు కదిలాయో చెప్పేది త్రూపుట్. ఒక అభ్యర్థనకు జవాబు రావడానికి పట్టిన సమయం లేటెన్సీ, అంటే జాప్యం. దీన్ని మిల్లీసెకన్లలో చెప్పడం వాడుక; ఫ్లాష్ నిల్వ వచ్చాక మైక్రోసెకన్లలోనూ చెబుతున్నారు. అమ్మేవారి ప్రకటనల్లో మొదటి రెండే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వాడుకరికి తగిలేది మాత్రం మూడోది.

మొదటి రెండింటినీ కలిపి చదవకపోతే పొరపడటం ఖాయం. సెకనుకు 10,000 అభ్యర్థనలు, ఒక్కోటి 4 కిలోబైట్లు అనుకుంటే, మొత్తం 40 మెగాబైట్లే. త్రూపుట్ గ్రాఫు చూసినవారికి వ్యవస్థ ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ అభ్యర్థనలు డిస్కు మీద చెల్లాచెదురుగా పడుతున్నాయంటే సంగతి వేరు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ అక్కడికి జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు. అంటే ఒక డిస్కు సెకనుకు ఇలాంటి అభ్యర్థనలు 80కి అటూఇటూగా తీర్చగలదు. క్యాష్ ఆదుకోకపోతే పై పనికి వందకు పైగా డిస్కులు కావాలి. ఒక డిస్కు చెడినా డేటా తిరిగి రాబట్టుకునేలా పారిటీ అనే అదనపు లెక్కను డిస్కుల మీద దాచే రెయిడ్ 5 అమరికలో ఒక చిన్న రాతకు పాత డేటా, పాత పారిటీ చదివి, కొత్తవి రెండూ రాయాలి. అంటే క్లయింటు లెక్కలో ఒకటిగా ఉన్న పని డిస్కుల లెక్కలో నాలుగవుతుంది. ముందువైపు అంకెలకూ వెనకవైపు అంకెలకూ పొంతన కుదరకపోవడానికి ఇదొక కారణం.

ఐఓపీఎస్‌నూ జాప్యాన్నీ ముడివేసే సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించారు. వ్యవస్థలో సగటున ఎన్ని పనులు నడుస్తున్నాయో తెలియాలంటే, అవి వచ్చే వేగాన్ని ఒక్కోదానికి పట్టే సమయంతో గుణిస్తే చాలు. సెకనుకు 2,000 అభ్యర్థనలు, ఒక్కోదానికి 5 మిల్లీసెకన్లు అయితే ఏ క్షణాన చూసినా సగటున పది పనులు నడుస్తూ ఉంటాయి. దీన్ని తిరగేసి వాడినప్పుడే అసలు ప్రయోజనం. ఒక ప్రోగ్రాము ఒకదాని తర్వాత ఒకటిగా, జవాబు వచ్చాకే రెండోది పంపుతోందనుకుందాం. ఒక్కో జవాబుకు ఒక మిల్లీసెకను పడితే అది సెకనుకు 1,000 అభ్యర్థనలు దాటలేదు. 4 కిలోబైట్ల ముక్కలైతే సెకనుకు 4 మెగాబైట్లే. పది గిగాబిట్ల నెట్‌వర్క్ వేసినా, మరిన్ని డిస్కులు చేర్చినా ఆ కాపీ వేగం పెద్దగా పెరగదు. ఏ గ్రాఫులోనూ ఎరుపు కనిపించదు, ఫిర్యాదు మాత్రం ఆగదు.

నాలుగో కొలత వినియోగ శాతం. రైల్వే స్టేషన్లో ఒకే టికెట్ కౌంటర్ ఉన్నప్పుడు గుమాస్తా చేతికి ఎంత తక్కువ తీరిక ఉంటే వరస అంతకంతకూ పెరుగుతుంది. పెరుగుదల నిదానంగా ఉండదు, ఒక దశ దాటాక ఒక్కసారిగా ఎగబాకుతుంది. క్యూ సిద్ధాంతంలోని సరళమైన నమూనా ప్రకారం సగం వినియోగం దగ్గర జవాబు సమయం అసలు పని సమయానికి రెండింతలు, 80 శాతం దగ్గర ఐదింతలు, 90 దగ్గర పదింతలు. అయితే ఈ లెక్క ఒకే కౌంటర్‌కు. ఫ్లాష్ డిస్కూ రెయిడ్ సమూహమూ ఏకకాలంలో అనేక పనులు చేస్తాయి. అందుకే లినక్స్‌లోని ఐఓస్టాట్ చూపే వినియోగ శాతం వంద చేరినా, అలాంటి పరికరాలకు అది గరిష్ఠ హద్దు కాదని ఆ సాధనం మాన్యువల్ పేజీయే చెబుతుంది. పని సమయాన్ని చూపే మరో వరసను నమ్మవద్దని అదే పేజీ చాలాకాలం హెచ్చరించింది. చివరికి ఆ వరసనే తీసేశారు.

ఎక్కడ కొలిచారు

ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే లినక్స్ క్లయింటులో ఎన్‌ఎఫ్‌ఎస్‌ఐఓస్టాట్ అనే సాధనం ఒక్కో మౌంటుకు రెండు సమయాలు చూపిస్తుంది. అభ్యర్థన నెట్‌వర్క్ మీదికి వెళ్లి జవాబు తిరిగొచ్చేదాకా పట్టినది ఒకటి. క్లయింటు కెర్నెల్ చేతికి పని అందింది మొదలు పూర్తయ్యేదాకా పట్టినది రెండోది. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉందంటే ఆలస్యం క్లయింటులోనే, పంపడానికి వేచి ఉన్న వరసలో జరుగుతోంది. తేడా లేకుండా రెండూ పెద్దవిగా ఉంటే నెట్‌వర్కో సర్వరో చూడాలి. అప్పుడు స్టోరేజీ కంట్రోలర్ నమోదు చేసిన జాప్యం తెచ్చి పక్కన పెడతారు. క్లయింటు 20 మిల్లీసెకన్లు అంటూ, కంట్రోలర్ 1 మిల్లీసెకను అంటుంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మిగతా 19 దారిలో పోయాయి. స్విచ్చులో పొంగిపోయిన బఫర్లు, మళ్లీ మళ్లీ పంపిన ప్యాకెట్లు, దెబ్బతిన్న కేబుల్ అక్కడే దొరుకుతాయి. స్టోరేజీ బృందానికీ నెట్‌వర్క్ బృందానికీ మధ్య నడిచే వాదనల్లో చాలావాటిని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చవచ్చు.

ఏ రకం పని అన్నదీ విడిగా చూడాలి. ఫైలు సర్వర్ల మీద పడే అభ్యర్థనల్లో చాలా భాగం డేటా చదవడం, రాయడం కానే కాదు. ఫైలు వివరాలు అడగడం, పేరు వెతకడం, డైరెక్టరీ జాబితా తీయడం వంటివి. లక్షల చిన్న ఫైళ్లున్న డైరెక్టరీలో ఇవే సర్వరును కుంగదీస్తాయి, త్రూపుట్‌లో మాత్రం వాటి జాడ ఉండదు. 1995లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ మరో మెలిక తెచ్చింది. రాతను సర్వరు మెమరీలో ఉంచుకుని వెంటనే సరేనని, తర్వాత క్లయింటు కమిట్ అడిగినప్పుడు శాశ్వత నిల్వకు చేర్చవచ్చు. రాతల జాప్యం మాత్రమే చూసేవారికి అంతా సవ్యంగా కనిపిస్తుంది. అసలు ఆలస్యం కమిట్ వరసలో ఉంటుంది.

సగటు దాచేవి

వెయ్యి అభ్యర్థనల్లో 990 ఒక్కో మిల్లీసెకనులోనూ, మిగిలిన పది 500 మిల్లీసెకన్లకూ పూర్తయితే సగటు దాదాపు 6 మిల్లీసెకన్లు. అసలు ఏ అభ్యర్థనకూ ఆరు పట్టలేదు. మధ్యగతం ఒకటే చూపిస్తుంది. తెలివిగా 99వ పర్సంటైల్ చూద్దామన్నా 990వ అభ్యర్థన కూడా ఒక మిల్లీసెకనుదే కాబట్టి అదీ పట్టుకోలేదు, 99.9 దాకా వెళితే గానీ అర సెకను బయటపడదు. ఒక వెబ్ పేజీ తయారవడానికి వంద అభ్యర్థనలు కావాలంటే, ఆ అర సెకను చాలా పేజీలకు తగులుతుంది.

కాలం మీద కట్టే సగటు ఇంకా మోసకారి. పది సెకన్లపాటు నూటికి నూరు శాతం నిండిన పోర్టు మిగతా సమయం ఖాళీగా ఉంటే, ఐదు నిమిషాల సగటులో అది 3.3 శాతం. టొబియాస్ ఓటికర్ 1995లో తెచ్చిన ఎంఆర్‌టీజీ, తర్వాత 1999లో వచ్చిన ఆర్‌ఆర్‌డీటూల్ నెట్‌వర్క్ గ్రాఫులను అందరికీ అందుబాటులోకి తెచ్చాయి. ఐదు నిమిషాల విరామం అలవాటుగా స్థిరపడిందీ వాటితోనే. ఆర్‌ఆర్‌డీటూల్ ఫైలు పరిమాణం పెరగకుండా పాత నమూనాలను కుదించి పెట్టుకుంటుంది. గరిష్ఠాలను కూడా విడిగా దాచమని ముందే చెప్పకపోతే, పోయిన నెల వచ్చిన శిఖరాలు ఇవాళ చూస్తే చదునుగా కనిపిస్తాయి.

కౌంటర్లతోనూ జాగ్రత్త కావాలి. చాలా పరికరాలు వేగాన్ని నేరుగా ఇవ్వవు. మొదటినుంచీ పెరుగుతూ పోయే మొత్తాన్ని ఇస్తాయి. రెండు రీడింగుల తేడాను మధ్య సమయంతో భాగించి వేగం రాబట్టుకోవాలి. 32 బిట్ల కౌంటర్ 4,294,967,296 దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. ఒక గిగాబిట్ లైను నిండుగా నడిస్తే బైట్ల కౌంటర్ 34 సెకన్లలో చుట్టు తిరుగుతుంది, పది గిగాబిట్లయితే మూడున్నర సెకన్లలోపే. అలాంటి కౌంటర్‌ను, నెట్‌వర్క్ పరికరాలను ప్రశ్నించే ఎస్‌ఎన్‌ఎంపీ ప్రోటోకాల్ ద్వారా ఐదు నిమిషాలకోసారి అడిగితే వచ్చే గ్రాఫు అందంగానే ఉంటుంది, అర్థం ఉండదు. 64 బిట్ల కౌంటర్లు వచ్చిందీ ఇందుకే.

హీట్‌మ్యాపులు

ఒకే గీతలో ఇమడని విషయాన్ని చూపే మార్గం 2008 నవంబరులో సన్ విడుదల చేసిన స్టోరేజ్ 7000 శ్రేణిలోని అనలిటిక్స్‌లో బాగా రూపుదిద్దుకుంది. దాని పునాది బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంథాల్ తయారుచేసిన డీట్రేస్. దానితో ఏ క్లయింటు, ఏ షేరు, ఏ ఫైలు, ఎంత జాప్యం అని నడుస్తున్న వ్యవస్థనే అడగవచ్చు. జాప్యాన్ని హీట్‌మ్యాపుగా గీస్తారు: అడ్డంగా కాలం, నిలువుగా జాప్యం, ఆ గడిలో ఎన్ని అభ్యర్థనలు పడితే అంత గాఢమైన రంగు. క్యాష్ నుంచి వచ్చినవి అడుగున ఒక పట్టీగా, డిస్కు దాకా వెళ్లినవి పైన మరో పట్టీగా విడిపోతాయి. సగటు ఈ రెండు పట్టీల మధ్య, ఎవరూ లేని చోట గీత గీస్తుంది.

ఆ సాధనం ప్రసిద్ధికెక్కింది ఒక చిలిపి పనితో. 2008 చివర్లో సన్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డేటా సెంటర్లో డిస్కుల అరకు ముఖం పెట్టి బిగ్గరగా అరిచాడు. ఆ కంపనానికి జాప్యం ఒక్కసారిగా లేవడం తెర మీద కనిపించింది. నవ్వుకోవడానికి బాగున్నా ఇందులో అసలు సంగతి ఉంది. కంపనం డిస్కు పనితీరును తగ్గిస్తుందని ముందే తెలుసు. దాన్ని క్షణాల్లో చూపగల కొలత అరుదు. వినియోగం, సంతృప్తత, లోపాలు అనే మూడు ప్రశ్నలు ప్రతి వనరుకూ వేయాలన్న యూఎస్‌ఈ పద్ధతి కూడా గ్రెగ్‌దే.

నెట్‌యాప్‌లో లెక్కలు

డేవిడ్ హిట్జ్, జేమ్స్ లా, మైకేల్ మాల్కమ్ 1992లో స్థాపించిన నెట్‌యాప్ పరికరాల్లో సిస్‌స్టాట్ అనే ఆదేశం తరాల తరబడి నిర్వాహకులకు నాడి చూసే సాధనం. (లినక్స్‌లో ఐఓస్టాట్ ఉండే ప్యాకేజీ పేరూ సిస్‌స్టాటే, రెండింటికీ సంబంధం లేదు.) సెకనుకో వరస చొప్పున సీపీయూ, ప్రోటోకాళ్లవారీ పనులు, నెట్‌వర్క్, డిస్కు, క్యాష్ అంకెలు చూపిస్తుంది. అందులో అనుభవజ్ఞులు మొదట చూసేది ఒక చిన్న అక్షరాల వరస. ఈ వ్యవస్థలో రాతలు ముందు ఎన్‌వీర్యామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, నమోదవుతాయి, క్లయింటుకు వెంటనే జవాబు వెళ్తుంది. పది సెకన్లకోసారి, లేదా ఎన్‌వీర్యామ్‌లో సగం నిండగానే, పోగైనవన్నీ కలిపి డిస్కులకు రాస్తారు. దీన్ని కన్సిస్టెన్సీ పాయింట్ అంటారు. మొదటి సగం డిస్కులకు చేరేలోపే రెండో సగం నిండిపోతే కొత్త రాతలు ఆగక తప్పదు. అప్పుడు సిస్‌స్టాట్ అక్షరాల వరసలో 'బీ' పడుతుంది. 'టీ' పడితే గడియారం ప్రకారం సాఫీగా నడుస్తున్నట్టు. వరసగా బీలు కనిపిస్తున్నాయంటే డిస్కులు రాతల జోరును అందుకోలేకపోతున్నాయి.

క్లస్టర్ తరం వ్యవస్థల్లో ఒక్కో వాల్యూము జాప్యాన్ని నెట్‌వర్క్, క్లస్టర్, డేటా, డిస్కు, క్యూఓఎస్ అని ముక్కలుగా విడదీసి చూపే ఆదేశం ఉంది. ఏ అంచె ఎంత తిన్నదో ఒకే వరసలో తెలుస్తుంది. క్యూఓఎస్ కింద కనిపించే జాప్యం యంత్రానిది కాదు. ఒకరి పని మరొకరిని ముంచకుండా నిర్వాహకులే పెట్టిన పరిమితిది. డిస్కులు ఖాళీగా ఉండి వాల్యూము నెమ్మదించినప్పుడు ముందుగా చూడవలసింది అదే.

వాడుకలో

సమస్య వచ్చాక తీసిన అంకెలకు పోల్చడానికి మామూలు రోజు అంకెలు కావాలి. ఉదయం అందరూ ఒకేసారి లాగిన్ అయ్యే వేళ, అర్ధరాత్రి బ్యాకప్, వైరస్ తనిఖీ, స్నాప్‌షాట్ తొలగింపు, చెడిన డిస్కు స్థానంలో రెయిడ్ పునర్నిర్మాణం వేటికవే తమ ముద్ర వేస్తాయి. మంగళవారం పదకొండింటి గ్రాఫును సోమవారం రాత్రితో పోల్చడం కంటే పోయిన మంగళవారం పదకొండింటితో పోల్చడం మేలు.

కొలవడానికీ ఖర్చుంది. ఫైలువారీ గణాంకాలను నిత్యం సేకరిస్తే కంట్రోలర్ మీద భారం పడుతుంది కాబట్టి వాటిని అవసరమైనప్పుడే తెరుస్తారు. పర్యవేక్షణ సర్వరు తన డేటాబేసును తాను గమనించే స్టోరేజీ మీదే పెట్టుకుంటే, సరిగ్గా కష్టకాలంలోనే గ్రాఫులో ఖాళీ పడుతుంది. దానికి వేరే డిస్కు కేటాయించాలి. క్లయింట్లు, స్విచ్చులు, కంట్రోలర్ల గడియారాలను ఎన్‌టీపీతో ఒకే సమయానికి కట్టాలి. వాటి మధ్య రెండు నిమిషాల తేడా ఉన్నా ఏ శిఖరం ఏ సంఘటనదో జతపరచలేం.